మంచుదారిలో కారు చక్రం

ధర్మపురిలో పుట్టి పెరిగిన మనిషి మంచులో కారు నడపడం గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. నవ్వదగ్గ సంగతే. ఎండాకాలంలో నలభై అయిదు డిగ్రీలు దాటే ప్రాంతం మనది. మంచు అంటే మనకు తెలిసింది మార్గశిరంలో తెల్లవారుజామున గోదావరి మీద తేలే పొగమంచు, గడ్డికొసల మీద నిలిచే నాలుగు చుక్కలు. అంతకు మించి లేదు. కాని ఇవ్వాళ మా ధర్మపురిలో గాని, ఇటు జగిత్యాలలో గాని, అటు మంచిర్యాలలో గాని, పిల్లల్లో ఒక్కరైనా అమెరికాలోనో కెనడాలోనో జర్మనీలోనో లేని వాడకట్టు ఎక్కడుంది చెప్పండి? ఫోను రాగానే "తిన్నవా బిడ్డా, స్వెట్టరు వేసుకున్నవా" అని అడుగుతాం. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నదని, ఒక చలికాలం మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చినాక గాని నాకు తెలియలేదు. "నీ కారుకు చలికాలపు టైర్లు వేయించినవా?" అన్నదే ఆ ప్రశ్న.

మా అమ్మాయి, అల్లుడు ఉండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర. మా ఆడబిడ్డ కొడుకు కూడా ఆ దాపునే చదువుకోను వచ్చాడు. వచ్చిన మూడో నెలలో ఒక పాతకారు కొన్నాడు. అక్కడ కారు లేకపోతే ఉప్పు ప్యాకెట్టు కూడా ఇంటికి రాదు. డిసెంబరులో ఒకనాటి సాయంత్రం కూరగాయలకని నన్ను ఆ కారులో తీసుకుపోయాడు. ఆ మధ్యాహ్నమే మొదటి మంచు పడింది. తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తాలో ఎర్రదీపం వెలిగింది. పిల్లవాడు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఏదో వేగంగా దూసుకుపోయిందనుకునేరు, అట్లా కాదు. రథం కదిలినట్టు, నెమ్మదిగా, నిండుగా, ఏ చప్పుడూ లేకుండా చౌరస్తా మధ్యకు జారుకుంటూ పోయింది. పక్కనుంచి వస్తున్న లారీ హారను కొడుతూ మా ముందునుంచి తప్పుకుపోయింది. మా కారు అవతలి గట్టు రాయికి తగిలి నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. నరసింహస్వామి దయ. పిల్లవాడి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "బ్రేకు పడలేదు అత్తమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చినాక అల్లుడు లైటు పట్టుకొని కారు చుట్టూ తిరిగి చూశాడు. బ్రేకులకు ఏమీ కాలేదు. బ్రేకు ఆపేది చక్రాన్నట. కారును ఆపేది టైరట. చక్రం తిరగడం ఆగిపోయినా టైరు నేలను పట్టుకోకపోతే కారు అట్లాగే జారుతుంది. మన గోదావరి మెట్లమీద పాచి పట్టినచోట కాలు ఎంత గట్టిగా పెడితే మాత్రం నిలుస్తుందా? అంతే సంగతి.

ఆ టైర్ల కథ విన్న తర్వాత నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలుంటాయి. ఆ వరుసలో చివరి నాలుగు అంకెలు టైరు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారైందన్నమాట. మావాడి కారు టైర్లకు తొమ్మిదేళ్ళు నిండాయి. అమ్మినవాడు "టైర్లు బాగానే ఉన్నాయి" అన్నాడట, వీడు నమ్మాడు. అరుగుదల చూడడానికి అక్కడ ఒక చిట్కా ఉన్నది. పెన్నీ నాణెం మీద లింకను బొమ్మ ఉంటుంది. దాన్ని తలకిందులుగా టైరు గాడిలో నిలబెడితే తల మొత్తం పైకి కనబడిందా, గాడి 1.6 మిల్లీమీటర్లు కూడా మిగలలేదని అర్థం. అది పారవేయవలసిన టైరు. మంచుకు ఈ లెక్క కూడా చాలదు. క్వార్టరు నాణెం మీది వాషింగ్టను తలతో చూసుకోవాలి, అది 3 మిల్లీమీటర్ల పైమాట. ఆస్ట్రియా దేశంలోనైతే చలికాలపు టైరు గాడి 4 మిల్లీమీటర్లకన్నా తగ్గితే అది చలికాలపు టైరు కిందే లెక్కకు రాదు. మావాడి టైరులో లింకను తల నున్నగా కనిపించింది.

ఇప్పుడు కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, పొడి తారురోడ్డు మీద బ్రేకు తొక్కితే సుమారు 14, 15 మీటర్లలో నిలుస్తుంది. తొక్కి అణిగిపోయిన మంచుమీద మంచి చలికాలపు టైర్లున్నా 35, 40 మీటర్లు కావాలి. నీరు గడ్డకట్టి అద్దంలా ఉన్నచోట నూరు మీటర్లు జారినా ఆశ్చర్యపడనక్కరలేదు. మనం బ్రేకు మీదికి కాలు తెచ్చేలోపల పోయే దూరం దీనికి అదనం. ఇంకొక విచిత్రం చూడండి. బాగా గడ్డకట్టే చలికన్నా, సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచుగడ్డే ఎక్కువ జారుతుంది, పైన పల్చని నీటిపొర ఉంటుంది గనుక. అందువల్ల "ఇవ్వాళ చలి తగ్గింది, భయంలేదు" అనుకోవడం పొరపాటు.

మరి టైర్లలో తేడా ఏమిటి? అన్నీ నల్లగానే, గుండ్రంగానే ఉన్నాయి గదా అని నేనూ అడిగాను. మాఘంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి, ఎండలో పెడితే గాని కరగదు, అవునా? రబ్బరుదీ అదే గుణం. మామూలు టైరు రబ్బరు ఎండకాలానికి తగ్గట్టు చేసింది. ఏడు డిగ్రీలకన్నా చలి పెరిగితే బిరుసెక్కడం మొదలుపెడుతుంది. బిరుసెక్కిన రబ్బరు నేల ఎగుడుదిగుడుల్లోకి ఒదగదు. చలికాలపు టైరులో రబ్బరు పాకమే వేరు. ఎంత చలిలోనైనా మెత్తగా ఉండేట్టు కలుపుతారు. దాని మీద గాళ్ళు లోతుగా ఉంటాయి. ఆ గాళ్ళ మధ్య దిమ్మెలమీద చాకుతో గీసినట్టు సన్నసన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి. చక్రం నేలకు ఆనినప్పుడు ఆ చీలికలు విచ్చుకుని మంచును కరిచి పడతాయి. తమాషా ఏమిటంటే, గాళ్ళలో ఇరుక్కున్న మంచు కూడా పట్టుకు పనికివస్తుందట. మంచుకు మంచు అతుక్కుంటుంది గదా, పిల్లలు ఉండలు చేసి ఆడుకునేది అందుకే.

ఈ టైర్లు పుట్టింది ఫిన్లాండులో. 1934లో అక్కడి రబ్బరు కంపెనీ లారీల కోసం "కెలిరెంగాస్" అనే టైరు చేసింది. మంచుకోసమని ప్రత్యేకంగా చేసిన మొదటి టైరు అదేనంటారు. రెండేళ్ళకు, 1936లో, కార్లకు "హక్కపెలీట్టా" వచ్చింది. ఆ పేరు ఇప్పటికీ నడుస్తున్నది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుంచి ఈ టైర్లు లేకుండా చలికాలంలో కారు తీయకూడదని చట్టమే ఉంది. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా. జర్మనీలో తేదీల లెక్క లేదు, రోడ్డుమీద మంచు ఉందంటే ఆ టైర్లు ఉండి తీరాలి. మిషిగనులో అట్లాంటి నిర్బంధం లేదు. నిర్బంధం లేని చోటనే మన పిల్లలు "ఈ ఏటికి ఇట్లా గడిపేద్దాం" అనుకుంటారు.

కొనేటప్పుడు మాటలు విని మోసపోకుండా ఒక గుర్తు చూసుకోవాలి. టైరు పక్కన మూడు కొనలున్న గుట్ట, దానిలో మంచుపువ్వు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఉన్న టైరును మంచులో నడిపి పరీక్ష చేశారని అర్థం. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. అది బురదకు, మంచుకు పనికొస్తుందని కంపెనీ తనకు తాను వేసుకునే ముద్ర. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఆ ఉట్టి అక్షరాల టైర్లు చెల్లడంలేదు కూడా. ఇంకొక సంగతి, వేయిస్తే నాలుగూ వేయించాలి. డబ్బు కలిసి వస్తుందని ముందు రెండింటికే వేయిస్తే, బ్రేకు తొక్కినప్పుడు ముందుభాగం నిలుస్తుంది, వెనకభాగం నిలవక గిర్రున తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కార్లున్నవాళ్ళు "మాకు అక్కరలేదు" అంటారు. ఆ బలం కదలడానికి, ఎక్కడానికి ఉపయోగం. ఆగడానికి మాత్రం అందరికీ నాలుగు టైర్లే ఆధారం.

చలికి టైరులో గాలి కూడా కుంచించుకుపోతుంది. సుమారు అయిదున్నర డిగ్రీల చలికి ఒక పి.ఎస్.ఐ. చొప్పున తగ్గుతుందని లెక్క. కనుక నెలకొకసారైనా చూపించుకోవాలి. ఇక్కడ మా బంధువొకాయన మాట చెప్పాలి. ఆయన పదేళ్ళు గల్ఫులో బండి నడిపి వచ్చాడు. ఎడారి ఇసుకలో దిగబడకుండా టైరు గాలి కొంచెం తీసేస్తారు, టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకమీద తేలుతుందని. ఆ అనుభవంతోనే మావాడికి ఫోనులో "గాలి తియ్యి, మంచులో మంచిగ పోతది" అని సలహా ఇచ్చాడు. ఇసుకలో అది సరే, మంచురోడ్డు మీద మాత్రం కారు తలుపుమీద రాసి ఉన్నంత గాలి ఉండవలసిందే. జగిత్యాల జిల్లాలో ఇంటికొక గల్ఫు డ్రైవరున్నాడు గనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇక గొలుసుల సంగతి. ఇది చెప్పబోతే మన పొలాలు కళ్ళముందుకు వస్తాయి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు బురదలో దిగబడకుండా చక్రాలకు ఇనుప చట్రాలు బిగిస్తారు. కేజీ వీల్స్ అంటారు మన రైతులు. రబ్బరు పట్టు దొరకనిచోట ఇనుము దిగి పట్టుకుంటుంది. మంచులో చక్రానికి గొలుసు చుట్టడం కూడా అచ్చంగా ఇదే. న్యూయార్కు రాష్ట్రంలో కెనస్టోటా అనే ఊరివాడు హ్యారీ వీడ్ అని ఒకాయన 1904లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లో డ్రైవర్లు చక్రాలకు తాళ్ళు, తీగెలు చుట్టుకుని తంటాలు పడడం చూసి ఆయనకు ఈ ఉపాయం తట్టిందని చెప్తారు. తాడు చుట్టే ఉపాయం మనవాళ్ళకు మాత్రం తెలియనిదా? రేగడిలో జీపు దిగబడితే గోనెసంచి, కంపకొమ్మలు వేసి లాగని ఊరేది!

డెట్రాయిటు వంటి చదునునేలలో ఊళ్ళో గొలుసులతో పని పడదు. టైర్లు చాలు. కొండదారుల్లో మాత్రం అవి లేనిదే ముందుకు పోనివ్వరు. కాలిఫోర్నియాలో ఉన్న పిల్లలు చలికాలం సెలవుల్లో టాహో సరస్సు చూడబోతారు. ఆ దారిలో మంచు పడినప్పుడు పోలీసులు, రోడ్లశాఖవాళ్ళు కాపలా కాస్తారు. గొలుసులు కట్టుకోనివాళ్ళను వెనక్కి పంపుతారు. మంచు టైర్లున్న నాలుగు చక్రాల బలం కార్లను చాలాసార్లు కట్టకుండానే వదులుతారు గాని, వాళ్ళ డిక్కీలో కూడా గొలుసులు ఉండవలసిందే. సియాటిల్ నుంచి తూర్పుకు స్నోక్వాల్మీ కనుమ దాటేవాళ్ళకు, కొలరాడో కొండలెక్కేవాళ్ళకు కూడా ఇట్లాంటి నియమాలే ఉన్నాయి. మన దేశంలోనూ లేకపోలేదు. కాశ్మీరంలో గుల్మార్గు చూడబోయినవాళ్ళు మీలో ఉంటే గుర్తుచేసుకోండి. బాగా మంచు పడినరోజున టంగ్‌మార్గు దగ్గర బండి ఆపి చక్రాలకు గొలుసులు కట్టి గాని పైకి పోరు.

గొలుసు కట్టడం పిల్లలు చేయలేని పనేమీ కాదు. అయితే మొదటిసారి కట్టడం చీకట్లో, మంచువానలో, కొండమలుపున కాకూడదు. కొన్ననాడే ఇంటిముందు, పగటిపూట, వేళ్ళు కొంకర్లు పోకముందే ఒకటికి రెండుసార్లు కట్టి విప్పి చూసుకోవాలి. కొలత టైరు కొలతకు సరిపోవాలి. ఇంజను బలం ఏ చక్రాలకు పోతుందో ఆ చక్రాలకు కట్టాలి. చిన్నకార్లలో చాలామటుకు అది ముందుచక్రాలకు. కట్టినాక కొద్దిదూరం నడిపి, దిగి, మళ్ళీ బిగించాలి. కొత్త చీర నాలుగడుగులు నడిచినాక కుచ్చిళ్ళు సర్దుకున్నట్టన్నమాట. గొలుసులతో గంటకు 50 కిలోమీటర్లు మించకూడదు, ఇంకా తక్కువైతే మేలు. కొన్ని కార్లలో చక్రానికీ పైరేకుకూ మధ్య సందు తక్కువగా ఉంటుంది. అట్లాంటివాటికి లావు గొలుసు పనికిరాదు, సన్నని ఉక్కుతీగెలవో, బట్టతో చేసిన తొడుగులో వేస్తారు. ఏది వేయవచ్చో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఎవ్వరూ చదవరు, అది వేరే మాట.

మంచు దాటి ఉత్త తారురోడ్డు రాగానే గొలుసులు విప్పేయాలి. విప్పకపోతే రోడ్డు చెడుతుంది, టైరు చెడుతుంది, గొలుసు తెగి కారు రేకులను చీలుస్తుంది. మన దగ్గర కేజీ వీల్సుతో ట్రాక్టరును తారురోడ్డు ఎక్కిస్తే అధికారులు కేసు పెట్టడం వింటూనే ఉంటాం గదా. పొలం నుంచి పొలానికి పోవడానికి మళ్ళీ విప్పి బిగించడం ఎవరికి ఓపిక అని రైతు గొణుక్కున్నట్టే అక్కడివాళ్ళూ గొణుక్కుంటారు. కాలిఫోర్నియా కొండల్లో డబ్బు తీసుకుని గొలుసులు కట్టిపెట్టే మనుషులున్నారు. వాళ్ళకు ప్రభుత్వం నంబరు బిళ్ళలిస్తుంది.

రోడ్లమీద ఉప్పు చల్లడం నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. లారీలకు లారీలు ఉప్పు. డెట్రాయిటు నగరం కిందనే, వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. మన గోదావరిఖనిలో బొగ్గు తీసినట్టు అక్కడ రోడ్ల కోసం ఉప్పు తీస్తారు. అయినా సున్నాకు తొమ్మిది, పది డిగ్రీల కిందికి చలి దిగితే ఆ ఉప్పుకూ సత్తువ తగ్గుతుంది. అదీగాక వంతెనలున్నాయి. మన రాయపట్నం వంతెనను తలుచుకోండి. రోడ్డుకైతే కింద నేల వెచ్చదనం ఉంటుంది. వంతెనకు కిందా పైనా గాలే. అందుకని రోడ్డు బాగున్నా ముందు వంతెనమీద నీరు గడ్డకడుతుంది. ఆ గడ్డ తెల్లగా ఉండదు. అద్దంలా పారదర్శకంగా ఉండి కింది తారు కనిపిస్తుంది. తడిసిన రోడ్డే అనుకుంటాం. నల్లమంచు అని దానికి పేరు.

చలిదేశాల్లోనే గదా ఇదంతా, మా అబ్బాయి టెక్సాసులో ఉన్నాడు అని కొందరు నిశ్చింతగా ఉండవచ్చు. 2021 ఫిబ్రవరి 11న టెక్సాసులో ఫోర్టువర్తు నగరంలో తెల్లవారుజామున ఎత్తైన రహదారి మీద గడ్డకట్టిన వానకు కార్లు, లారీలు ఒకదానిమీదికొకటి జారుకుంటూ వచ్చి, 130కి పైగా వాహనాలు గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. అక్కడివాళ్ళెవరూ చలికాలపు టైర్లు కొనరు, అవసరం ఏ రెండుమూడేళ్ళకో వస్తుంది గనుక. అట్లాంటి చోట్ల మన పిల్లలకు చెప్పవలసిన మాట వేరు. ఆ రెండు రోజులు కారు తీయవద్దు, ఉద్యోగం ఇంటినుంచి చేసుకో, పైవాడు ఏమన్నా అననీ.

టైర్లున్నా గొలుసులున్నా నడకలో తేడా రావాలి. పాచిమెట్ల మీద బిందెతో దిగే మన ఆడవాళ్ళకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. అడుగు చిన్నది వేస్తాం, ఉన్నట్టుండి తిరగం, ముందుమనిషికి దూరంగా ఉంటాం. కారుతోనూ అంతే. ముందు బండికి రెట్టింపు, మూడింతల దూరం ఉంచాలి. జారుతున్నప్పుడు గాభరాపడి స్టీరింగు గిరగిర తిప్పకూడదు, పోవలసిన వైపే చూస్తూ అటే మెల్లగా తిప్పాలి. ఇప్పటి కార్ల బ్రేకులో జారకుండా చూసే ఏర్పాటుంది. బ్రేకును పదేపదే వదిలి తొక్కనవసరం లేదు, గట్టిగా తొక్కి అట్లాగే పట్టాలి. కాలికింద గడగడమంటే భయపడకూడదు, అది పనిచేస్తున్న చప్పుడే. మంచులో కూరుకుపోయి కారులోనే కూర్చోవలసివస్తే, వెచ్చదనానికి ఇంజను వేసేముందు దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి. గొట్టం మూసుకుంటే ఆ విషవాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. ఈ ఒక్క మాట మరిచిపోవద్దని మీ పిల్లలకు నా మాటగా చెప్పండి.

మావాడి సంగతి సగంలో వదిలాను. చిన్నకారుకు నాలుగు చలికాలపు టైర్లంటే అయిదారు వందల డాలర్లు అడిగారు. అది వాడి ఒక నెల అద్దె. చదువుకు పొలం మీద అప్పు తెచ్చి పంపారు. తల్లికి చెప్పవద్దని నా చేతులు పట్టుకున్నాడు. నేను చెప్పాను. మా ఆడబిడ్డ ఫోనులో గయ్యిమంది. "ఉన్న టైర్లుండంగ కొత్త టైర్లేంది వదినా, వాని సోకు గాకపోతే!" అంది. సోకు కాదని, ఆరునెలలు ఇవి, ఆరునెలలు అవి తిరుగుతాయి గనుక రెండు జతలూ రెట్టింపు కాలం వస్తాయని, ఏప్రిల్లో విప్పి దాచుకుంటే మూడు నాలుగు చలికాలాలు గడుస్తాయని నచ్చజెప్పాను. వింటున్నట్టు లేదు. చివరికి ఆ చౌరస్తా, ఆ లారీ సంగతి చెప్పవలసి వచ్చింది. అవతలినుంచి చాలాసేపు మాట లేదు. "సగం నేను పంపుత, సగం నువ్వు పెట్టు, నాట్లయినంక ఇస్త" అంది. టైర్లు ఆ శనివారమే వేయించాం. నాట్లయినాక డబ్బు ఇచ్చేసింది కూడా, నేను వద్దంటున్నా.

ఇప్పుడు దీపావళి దాటిందంటే నాకన్నా ముందు ఆమే అడుగుతున్నది. మొన్న నవంబరులో "టైర్లు మార్చినవారా" అంటే వాడు మార్చానన్నాడట. ఉట్టిమాట నమ్మక ఫోటో పంపమన్నది. పంపాడు. "మూడు కొనల గుట్ట కనిపిస్తున్నది గని లోపల పువ్వు కనిపిస్తలేదు, దగ్గర్నుంచి తీసి పంపు" అన్నది. వాడు మళ్ళీ కోటు వేసుకుని, ఆ చలిలో కిందికి దిగి, ఇంకొక ఫోటో తీసి పంపాడు.